ముందు నీళ్లు.. ఆ తర్వాతే గేజ్! గుంటూరు ఎండలకు ముందు ఏసీ సర్వీసు ఎక్కడ గాడి తప్పుతోంది?

పెదకాకాని: శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. గుంటూరు ప్రాంతంలో చలి వెళ్లిన కొద్ది రోజులకే ఇంకో మోత మొదలవుతుంది. అదే ఏసీ మెకానిక్ ఫోన్ మోత. ‘అన్నా.. ఏసీ కూల్ అవ్వట్లేదు. ఒకసారి వచ్చి గ్యాస్ కొట్టి వెళ్లవా?’ దాదాపు ప్రతి కాల్‌లోనూ వినిపించే మాట ఇదే.

అసలు చిక్కంతా ఈ మాటలోనే ఉంది. ఏసీలో గ్యాస్ అంటే బండిలో పెట్రోల్ లాంటిది కాదు. వాడే కొద్దీ తరిగిపోదు. రాగి పైపుల్లోనే అటూ ఇటూ తిరుగుతూ, ఒకచోట ఆవిరవుతూ, ఇంకోచోట ద్రవంగా మారుతూ ఉంటుంది. లీక్ లేకపోతే ఏళ్ల తరబడి అంతే ఉంటుంది. అంటే గ్యాస్ నిజంగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. లీక్ లేదంటే కూలింగ్ తగ్గడానికి కారణం వేరే ఉన్నట్టే. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా గ్యాస్ కొట్టేస్తే రోగం తెలియకుండా ఇంజెక్షన్ చేసినట్టే అవుతుంది.

మరి ఇంత చిన్న విషయం చేయి తిరిగిన మెకానిక్‌లకు తెలియదా? తెలుసు. అయినా సీజన్ తోపులాటలో పని వరుస తారుమారవుతోంది. కడగాల్సిన చోట కొలుస్తున్నారు. కొలవాల్సిన చోట అంచనా వేస్తున్నారు. ఆ తేడా మే నెలలో కంప్రెసర్ మీద, కరెంట్ బిల్లు మీద, ఒక్కోసారి మెకానిక్ ప్రాణం మీద పడుతుంది.

పెదకాకాని చుట్టుపక్కల ఎందుకు కష్టం?

పెదకాకాని అనగానే మల్లేశ్వర స్వామి గుడి, కొత్త బండ్లకు చేయించే వాహన పూజలు, శంకర కంటి ఆసుపత్రి గుర్తొస్తాయి. గుంటూరు, మంగళగిరి మధ్య చెన్నై-కోల్‌కతా 16వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్న ఊరు ఇది. పక్కనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం. చుట్టూ హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు, షోరూమ్‌లు. రాత్రీ పగలూ లారీలు.

ఏసీ కోణంలో చూస్తే ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ గాల్లో తేలేది మామూలు రోడ్డు దుమ్ము ఒక్కటే కాదు. పత్తి తీతలు, జిన్నింగ్ మిల్లుల పని జరిగే రోజుల్లో దూది నూగు ఎగురుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలు, కల్లాల్లో ఆరబెట్టడం, టిక్కీలు కట్టి గుంటూరు యార్డుకు తోలడం. అవుట్‌డోర్ యూనిట్ వెనక వైపు నుంచి గాలి లాక్కుంటుంది. ఆ గాలితోపాటు వచ్చిన నూగు అల్యూమినియం రేకుల మధ్య చిక్కుకుంటుంది. దాని మీద రోడ్డు దుమ్ము పేరుకుంటుంది. మంచు పడిన రాత్రుల్లో అది తడిసి, పగలు ఎండి, చాపలా గట్టిపడుతుంది.

ముందు నుంచి చూస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. యూనిట్ శుభ్రంగానే కనిపిస్తుంది. చెత్త ఉండేది గోడ వైపు ఉన్న వెనక భాగంలో. అక్కడికి చెయ్యి పోదు, చూపు పోదు. అందుకే చాలా సర్వీసుల్లో అది మిగిలిపోతుంది.

ఇంకో సంగతి. మిర్చి సీజన్, ఏసీ సర్వీస్ సీజన్ రెండూ ఇక్కడ ఒకేసారి వస్తాయి. గాల్లో దుమ్ము ఎక్కువున్న నెలల్లోనే ఏసీలను మళ్లీ ఆన్ చేస్తారు. జనవరిలో ఒకసారి కడిగేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. హైవే పక్కన, కల్లాల దగ్గర ఉన్న యూనిట్లను ఏప్రిల్ ఆఖర్లో ఇంకోసారి చూడాల్సిందే.

గేజ్ అబద్ధం చెప్పదు.. కానీ మోసం చేస్తుంది!

మెకానిక్ వచ్చీ రాగానే గేజ్ తగిలిస్తే ఏమవుతుందో చూద్దాం. ఇండోర్ ఫిల్టర్, కాయిల్ మీద దుమ్ము పట్టి ఉంటే గది గాలి కాయిల్‌కు సరిగా తగలదు. గ్యాస్ ఆవిరవడానికి కావాల్సిన వేడి అందదు. దాంతో సక్షన్ ప్రెజర్ పడిపోతుంది. గేజ్ ముల్లు కిందికి దిగుతుంది. అది చూసి గ్యాస్ తక్కువుందని అనుకోవడం చాలా తేలిక. నిజానికి తక్కువైంది గాలి. గ్యాస్ కాదు.

అవుట్‌డోర్ కాయిల్ మూసుకుపోతే కథ ఇంకోలా ఉంటుంది. వేడి బయటికి పోదు. హెడ్ ప్రెజర్ పెరుగుతుంది. కంప్రెసర్ ఎక్కువ కరెంట్ తీసుకుంటుంది. ఇండోర్, అవుట్‌డోర్ రెండూ మురికిగా ఉంటే రెండు లోపాలూ కలిసిపోతాయి. అలాంటి ఏసీ మీద గేజ్ చూపించే అంకె నిజమే అయినా, ఆ అంకె నుంచి తీసే అర్థం తప్పు.

మూడో ఉచ్చు కాలానిది. ఫిబ్రవరి ఉదయం బయట 22, 23 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రెజర్లు సహజంగానే తక్కువ చూపిస్తాయి. ఆ పూట ‘నార్మల్’ అంకె వచ్చేదాకా గ్యాస్ ఎక్కిస్తే అది మే నెలకు ఎక్కువైపోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు హెడ్ ప్రెజర్ హద్దు దాటుతుంది. కంప్రెసర్ ఓవర్‌లోడ్‌లో కట్ అవుతుంది. కాసేపటికి మళ్లీ ఆన్ అవుతుంది. మళ్లీ కట్. ఇంట్లోవాళ్లకు మాత్రం ‘మొన్ననే గ్యాస్ కొట్టించాం కదా’ అనే ఆశ్చర్యం మిగులుతుంది.

ఉదాహరణకు హైవే పక్కన మొదటి అంతస్తులో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ. మార్చిలో కూలింగ్ తగ్గింది. ఫిల్టర్ మాత్రం దులిపారు. గేజ్ పెట్టారు. ముల్లు తక్కువ చూపించింది. గ్యాస్ కొట్టారు. ఆ రాత్రి చల్లగానే ఉంది, ఎందుకంటే బయట ఎండ ఇంకా ముదరలేదు. మే రెండో వారంలో మధ్యాహ్నం ఏసీ ఆగిపోయింది. ఈసారి తేలింది కంప్రెసర్ కాలిపోయిందని. మార్చిలో వెనక కాయిల్‌కు పట్టాల్సిన అరగంట నీళ్ల పని తప్పించుకున్నందుకు మే నెలలో వేల రూపాయల ఖర్చు. పైగా సీజన్ నడుమ స్పేర్ పార్ట్ కోసం ఎదురుచూపు.

అందుకే పని వరుస ముఖ్యం. ముందు నీళ్లు, తర్వాత గాలి, ఆ తర్వాత కరెంట్. గేజ్ అన్నిటికన్నా చివర.

కరెంట్ బిల్లులో కనిపించే లెక్క

ఏసీ మీద రాసి ఉండే కెపాసిటీ బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచింది. గుంటూరు, పల్నాడు వైపు మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. రెంటచింతల పేరు చెబితేనే జనానికి చెమట పడుతుంది. అంటే కాయిల్ శుభ్రంగా ఉన్నా ఆ ఎండలో ఏసీ సత్తా కొంత తగ్గుతుంది. దానికి మురికి కూడా తోడైతే చెప్పేదేముంది?

అవుట్‌డోర్ కాయిల్‌లో గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కరెంట్ ఖర్చు రెండు మూడు శాతం పెరుగుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క. కాయిల్ మూసుకుపోయి ఐదారు డిగ్రీలు పెరిగిందంటే పది, పదిహేను శాతం అదనపు ఖర్చు.

దీన్ని రూపాయల్లో చూద్దాం. ఒక ఏసీ రోజుకు 10 యూనిట్లు కాలుస్తుందనుకుంటే నెలకు 300. అందులో 15 శాతం అంటే 45 యూనిట్లు. ఏపీలో 2022-23 టారిఫ్ ప్రకారం ఇంటి వాడకం 226 నుంచి 400 యూనిట్ల మధ్య ఉంటే యూనిట్ రూ.8.75, 400 దాటితే రూ.9.75. ఆ లెక్కన నెలకు దాదాపు 400 రూపాయలు మురికికే కడుతున్నట్టు. మూడు నెలల ఎండాకాలంలో 1200. మంచి సర్వీసు చేయించుకోవడానికి వెనకాడే ఇంటి యజమాని ఈ డబ్బును నెలనెలా తెలియకుండానే కట్టేస్తున్నాడు.

గ్యాస్ మారింది.. చేతివాటం మారిందా?

పాత రోజుల్లో దాదాపు అన్ని ఏసీల్లో ఆర్-22 గ్యాసే. ఓజోన్ పొరను దెబ్బతీసే పదార్థాల మీద 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం దాన్ని దశలవారీగా తగ్గిస్తున్నారు. మన దేశంలో 2025 జనవరి 1 నుంచి కొత్త పరికరాల తయారీలో ఈ రకం గ్యాస్‌ల వాడకం ఆగిపోయింది. పాత ఏసీల సర్వీసుకు మాత్రం ఇంకా దొరుకుతుంది.

ఇప్పుడు షోరూమ్‌లో కొనే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా ఉండేది ఆర్-32. కొన్ని మోడళ్లలో ఆర్-290, అంటే శుద్ధి చేసిన ప్రొపేన్. భూమిని వేడెక్కించే గుణంలో ఆర్-410ఏ కార్బన్ డయాక్సైడ్‌కు 2088 రెట్లయితే, ఆర్-32 సుమారు 675 రెట్లే. ప్రొపేన్‌ది అయితే నామమాత్రం. పర్యావరణానికి ఇది మంచి వార్త. మెకానిక్‌కు మాత్రం కొత్త జాగ్రత్త. ఆర్-22కు మంట అంటుకోదు. ఆర్-32కు తగినంత పోగైతే, నిప్పు దొరికితే అంటుకునే గుణం ఉంది. ప్రొపేన్ సంగతి చెప్పక్కర్లేదు. అది వంటగ్యాస్‌కు చుట్టమే.

ప్రెజర్లు కూడా వేరు. కాయిల్‌లో గ్యాస్ 5 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంటే ఆర్-22కు సక్షన్ గేజ్ సుమారు 70 పీఎస్‌ఐ చూపిస్తుంది. అదే ఆర్-32కు 120 దాటుతుంది. ఆర్-22 అంకె అలవాటైన కంటికి ఇది ఎక్కువనిపిస్తుంది. ఆర్-32 అలవాటైన కంటికి పాత ఏసీ ఖాళీగా ఉన్నట్టనిపిస్తుంది. పాత గేజ్‌లు, పాత హోస్ పైపులు ఈ ప్రెజర్లకు సరిపోతాయో లేదో సీజన్ మొదలవకముందే చూసుకోవాలి.

ఇన్వర్టర్ ఏసీలతో ఇంకో మెలిక వచ్చింది. వాటిలో కంప్రెసర్ వేగం గది వేడిని బట్టి మారుతుంటుంది. వేగం మారితే ప్రెజర్ మారుతుంది. కాబట్టి గేజ్ చూసి ‘ఇంత చాలు’ అనే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒకటిన్నర టన్నుల ఆర్-32 ఏసీలో మొత్తం గ్యాసే కిలోకు అటూ ఇటూ. అందులో వంద గ్రాముల తేడా అంటే చిన్న విషయం కాదు. యూనిట్ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అన్ని గ్రాములు తూకం మిషన్ మీద తూచి ఎక్కించడమే సరైన దారి. ఊరికే చెక్ చేద్దామని గేజ్ తగిలించి తీసిన ప్రతిసారీ కొంత గ్యాస్ పోతుందన్న సంగతి కూడా మర్చిపోకూడదు.

పాత ఆర్-22 ఏసీలో ఆర్-32 గానీ, ప్రొపేన్ గానీ ఎక్కించే ‘జుగాడ్’ మరీ ప్రమాదం. ఆ యూనిట్ స్విచ్‌లు, పైపులు ఆ గ్యాస్ కోసం తయారు చేసినవి కావు. చల్లబడితే చాలనుకుంటే రేపు అదే ఇల్లు ప్రమాదంలో పడుతుంది.

ఆర్-32తో కథ ముగిసినట్టు కూడా కాదు. 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2032 నుంచి ఈ తరహా గ్యాస్‌లను మన దేశం కూడా తగ్గించుకుంటూ వెళ్లాలి. 2047 కల్లా 85 శాతం కోత పడాలి. అంటే ఇవాళ పాతికేళ్ల వయసులో పనిలోకి దిగిన కుర్రాడు రిటైరయ్యేలోపు ఇంకోసారైనా కొత్త గ్యాస్ నేర్చుకోక తప్పదు.

ప్రాణాల మీదికి తెచ్చే తప్పులు

సర్వీస్ పనిలో ప్రమాదం అనగానే గోడ మీద నుంచి పడిపోవడమే గుర్తొస్తుంది. నిజమే. రెండో అంతస్తు కిటికీ బయట స్టాండ్ మీద కాలు పెట్టి, ఒక చేత్తో గ్రిల్ పట్టుకుని పని చేయడం ఇక్కడ రోజూ కనిపించే దృశ్యం. తుప్పు పట్టిన ఆ స్టాండ్ యూనిట్ బరువు కోసం బిగించింది. మనిషి బరువు కోసం కాదు. సేఫ్టీ బెల్ట్, తాడు, కింద ఒక మనిషి లేకుండా ఆ పని ఒప్పుకోకూడదు. ఇంటివాళ్లు కూడా బలవంతం చేయకూడదు.

రెండోది కరెంట్. స్విచ్ ఆపేసినా కెపాసిటర్‌లో కరెంట్ నిల్వ ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ అవుట్‌డోర్ పీసీబీ మీద 230 వోల్టుల ఏసీ కరెంట్ డీసీగా మారి 300 వోల్టులు దాటుతుంది. ఎంసీబీ దించాక కూడా కొన్ని నిమిషాలు ఆగి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. నీళ్లతో కడిగే పనిలో ఇది మరీ ముఖ్యం. ఎర్తింగ్ లేని ఇంట్లో తడి చేతులతో పని చేయడం యముడికి ఫోన్ చేసి పిలవడమే.

మూడోది చాలామంది తేలిగ్గా తీసుకునేది. లీక్ వెతకడానికి పైపుల్లో నైట్రోజన్‌తోనే ప్రెజర్ పెట్టాలి. వెల్డింగ్ సిలిండర్ చేతికి అందింది కదా అని ఆక్సిజన్ ఎక్కిస్తే కంప్రెసర్ నూనె, ఆక్సిజన్ కలిసి బాంబులా పేలతాయి. అలాగే పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ను అవుట్‌డోర్‌లోకి లాగే పంప్ డౌన్ పని. కంప్రెసర్ తిరుగుతుండగానే పైపు ఊడదీసినా, లీక్ ఉన్న చోట నుంచి గాలి లోపలికి పోయినా అదే ప్రమాదం. గాలి, నూనె కలిసి ఆ ప్రెజర్‌లో డీజిల్ ఇంజిన్‌లో మాదిరిగా అంటుకుంటాయి. ముందు కంప్రెసర్ ఆపాలి. ఆ తర్వాతే స్పానర్ పట్టాలి.

నాలుగోది ఎండ. జనానికి చల్లదనం అందించే మనిషి రోజంతా ఉండేది డాబా మీద. 2015 మే నెల వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాలుల హెచ్చరికలు ఇస్తోంది. మరుసటి రోజు జాబితాలో తమ మండలం ఉంటే అవుట్‌డోర్ పనులన్నీ పొద్దున్నే పెట్టుకుని, మధ్యాహ్నం ఇండోర్ పనులు చూసుకోవడం మెకానిక్‌కే మంచిది. సాయంత్రం రమ్మంటే ‘ఇప్పుడే రావాలి’ అని పట్టుబట్టే కస్టమర్ కూడా ఒక్క క్షణం ఆలోచించాలి.

మరి తప్పు ఎవరిది?

తప్పంతా మెకానిక్ మీద తోసేయడం తేలిక. కానీ డబ్బు ఎలా వస్తుందో చూస్తే అసలు బొమ్మ కనిపిస్తుంది. సర్వీసుకు వచ్చేది వందల్లో. గ్యాస్ ఫిల్లింగ్‌కు వచ్చేది వేలల్లో. గంటన్నర కష్టపడి రెండు కాయిల్స్ కడిగి, డ్రెయిన్ పైపు శుభ్రం చేస్తే ‘నీళ్లు కొట్టినందుకు ఇంతా?’ అని బేరమాడే ఇంటివాళ్లే, సిలిండర్ తగిలించి పది నిమిషాల్లో గ్యాస్ కొడితే మారు మాట్లాడకుండా ఇచ్చేస్తారు. శ్రమకు విలువ లేని చోట సరుకు అమ్ముకోవడం ఎవరైనా నేర్చుకుంటారు.

పైగా ఆదాయమంతా మార్చి నుంచి జూన్ వరకే. ఆ నాలుగు నెలల్లో సంపాదించింది ఏడాదంతా సర్దుకోవాలి. రోజుకు మూడు ఇళ్లు సరిగ్గా చేయగల మనిషి ఎనిమిది ఇళ్లు ఒప్పుకుంటాడు. అప్పుడు మొదట కోత పడేది కంటికి కనిపించని పనికే. వెనక కాయిల్, వాక్యూమ్, లీక్ వెతకడం.

ముందు ముందు తాకిడి ఇంకా పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ధర తగ్గితే కొనేవాళ్లు పెరుగుతారు. కొన్న ప్రతి ఏసీకీ ఏడాదికి కనీసం ఒకసారి సర్వీస్ కావాలి. అంతమంది చేయి తిరిగిన మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? 2019 మార్చిలో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్‌లో 2022-23 కల్లా లక్ష మంది సర్వీస్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ శిక్షణ ఢిల్లీ కాగితాల మీద ఉంటే సరిపోదు. పెదకాకాని, చిలకలూరిపేట, ఒంగోలు లాంటి చోట్ల షాపు బయట స్టూల్ మీద కూర్చునే కుర్రాడి దాకా రావాలి. అదీ చలికాలంలో, చేతిలో పని లేని రోజుల్లో జరగాలి. మే నెలలో క్లాస్ పెడితే ఒక్కరూ రారు.

కోల్డ్ స్టోరేజీ చెప్పే పాఠం

నిజానికి గుంటూరు జనానికి ఈ విషయం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలను చూస్తే చాలు. వాటిలో ఎక్కువగా నడిచేది అమ్మోనియా మిషన్లు. ఒకసారి టిక్కీలు లోపలికి వెళ్లాక మిషన్ ఆపడానికి వీల్లేదు. ఆపితే రైతు సరుకు రంగు, ధర రెండూ పోతాయి. కాబట్టి మరమ్మతు ఏదైనా సరుకు రాకముందు, గదులు ఖాళీగా ఉన్నప్పుడే అయిపోవాలి.

ఇంటి ఏసీకి కూడా అదే సూత్రం. కాకపోతే ఇంట్లో టిక్కీల బదులు పసిపిల్లలు, షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉంటారు. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగితే దెబ్బ తగిలేది వాళ్లకే. మిర్చికి చూపించే ముందుచూపు మనిషికి చూపించకపోతే ఎలా?

సీజన్‌కు ముందు పని వరుస ఇలా..

- సంక్రాంతి వెళ్లాక శివరాత్రి లోపు పాత కస్టమర్లకు ఫోన్ చేసి తేదీలు పంచుకోవాలి. రద్దీ మొదలయ్యాక వచ్చే కాల్స్ సగానికి తగ్గినా ఆ సీజన్ గెలిచినట్టే.

- ఇంటికెళ్లగానే ముందు ఎంసీబీ దించాలి. మీటర్‌తో చూడాలి. కెపాసిటర్ డిశ్చార్జ్ చేయాలి. పీసీబీ తడవకుండా కవర్ కట్టాలి.

- ఇండోర్‌లో ఫిల్టర్‌తో ఆపకూడదు. కాయిల్, బ్లోయర్, ట్రే, డ్రెయిన్ పైపు అన్నీ కడగాలి. ఉక్కపోత రోజుల్లో ఒక ఏసీ గంటకు ఒకటి రెండు లీటర్ల నీళ్లు కూడా తీయగలదు. డ్రెయిన్ మూసుకుపోతే ఆ నీళ్లన్నీ గోడ మీదికే.

- అవుట్‌డోర్ కాయిల్‌ను లోపలి నుంచి బయటికి కడగాలి. బయటి నుంచి కొడితే నూగు ఇంకా లోపలికి దిగిపోతుంది. ప్రెజర్ మరీ ఎక్కువైతే రేకులు వంగిపోతాయి. ఘాటు యాసిడ్‌తో కడిగితే మెరుపు వస్తుంది కానీ అల్యూమినియం తినేస్తుంది. ఉప్పు నీళ్ల బోరు ఉన్న చోట చివర్లో మంచి నీళ్లు ఒక బకెట్ పోయాలి.

- మిర్చి దుమ్ము పట్టిన యూనిట్ దగ్గర మాస్క్, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఎండిన దుమ్మును బ్లోయర్‌తో లేపకుండా ముందు తడపడం మేలు.

- కడిగాక పావుగంట నడిపి గదిలోంచి ఏసీలోకి వెళ్లే గాలి, ఏసీ నుంచి వచ్చే గాలి రెండూ థర్మామీటర్‌తో చూడాలి. మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే గ్యాస్ జోలికి పోవాల్సిన పని లేదు. క్లాంప్ మీటర్‌తో కరెంట్ చూసి స్టిక్కర్ మీది అంకెతో పోల్చుకోవాలి. వైరు జాయింట్లు వేడెక్కుతున్నాయేమో, స్టెబిలైజర్, ఎర్తింగ్ సరిగా ఉన్నాయో లేదో కూడా చూడాలి.

- అప్పుడు కూడా కూలింగ్ లేకపోతేనే గేజ్. గ్యాస్ తక్కువని తేలితే ముందు లీక్ వెతకాలి. ఫ్లేర్ నట్ల దగ్గర నూనె మరక మొదటి గుర్తు. ఆ తర్వాత సబ్బు నురగ, నైట్రోజన్. లీక్ కట్టాక వాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల కిందికి తెచ్చి, పంపు ఆపి అది నిలబడుతుందో లేదో చూసి, గ్రాముల లెక్కన గ్యాస్ ఎక్కించాలి. మంట అంటుకునే గ్యాస్ అయితే కిటికీలు తెరిచి, దగ్గర్లో దీపం, సిగరెట్, స్టవ్ లేకుండా చూసుకోవాలి.

- చివరగా ఒక చిన్న కార్డు. తేదీ, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, ఎన్ని ఆంపియర్లు, గాలిలో ఎన్ని డిగ్రీల తేడా. అవుట్‌డోర్ మూత లోపల అతికిస్తే వచ్చే ఏడాది ఎవరొచ్చినా అంచనాలతో పని ఉండదు.

ఇంటివాళ్లు అడగాల్సింది ఒక్కటే

ఇదంతా మెకానిక్ పని అయినా ఇంటి యజమాని చేతిలో ఒక చిన్న ఆయుధం ఉంది. గ్యాస్ అయిపోయిందని ఎవరైనా అంటే ‘లీక్ ఎక్కడుంది?’ అని అడగడం. ఆ ప్రశ్నకు జవాబు చూపించగలిగిన మెకానిక్‌కు అడిగినంత ఇవ్వడం. కాయిల్ కడిగిన గంటన్నరకు బేరమాడకపోవడం. ఈ మూడూ జరిగితే ‘గ్యాస్ కొట్టి వెళ్లు’ అనే సీజన్ నిదానంగా ‘కడిగి, కొలిచి వెళ్లు’ అనే సీజన్‌గా మారుతుంది.

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. యార్డుకు సెలవు దొరుకుతుంది కానీ ఆ ఎండల్లో ఏసీ మెకానిక్‌కు దొరకదు. అతని మే నెల ఎలా ఉండాలన్నది చాలావరకు ఫిబ్రవరిలో నీళ్ల పైపు పట్టుకున్న ఆ అరగంటలోనే తేలిపోతుంది.